నలభై నాట్ల ఓడకు ఒక మీటరు వెడల్పు: ఇటలీ ‘నావిగాటోరి’ డెస్ట్రాయర్ల కేస్ స్టడీ

ఓడల స్థిరత్వ లెక్కలు సరిచూడడం నా వృత్తి. కొత్త ఫైలు బల్ల మీదికి వచ్చినప్పుడు ముందుగా ఓడ బొమ్మా చూడను, వేగమూ చూడను. ఆ కాగితం మీది అంకెలు ఏ లోడు మీద తీసినవో చూస్తాను. ట్యాంకుల్లో నూనె ఎంత ఉంది, డెక్ మీద ఏమేం బిగించారు, ఇంకా గోదాములోనే ఉన్నవి ఏవి? ఇవి తెలియకుండా వేగం అంకె చదవడమంటే పెళ్ళిచూపుల ఫొటో చూసి జాతకం చెప్పడమే.

పనిలోకి కొత్తగా వచ్చినవారికి ఈ మాట ఎక్కించడానికి నేను ఎప్పుడూ తీసే ఉదాహరణ ఇటలీది. 1927లో మొదలుపెట్టి అక్కడ పన్నెండు ఓడలు కట్టారు. వేగంలో వాటికి సాటి కొద్ది నౌకలే అని పేరు తెచ్చుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి వాటిలో పదింటిని డాక్‌లోకి ఎక్కించి, రెండు పక్కలా వెడల్పు పెంచి, ముక్కు మార్చారు. తర్వాత వచ్చిన యుద్ధంలో పన్నెండులో పదకొండు పోయాయి. ఈ మూడు వాక్యాలకూ మధ్య సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. ఉన్నది కొంతే. ఆ కొంత ఎంతో తేల్చడమే ఈ కేసు.

అడిగిందేమిటి

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మధ్యధరా సముద్రంలో ఇటలీ నౌకాదళం లెక్కపెట్టిన పోటీదారు ఫ్రాన్సు. 1922 కార్యక్రమం కింద ఫ్రాన్సు ఆరు పెద్ద డెస్ట్రాయర్లు, అంటే వేగంగా పరుగెత్తే తేలికపాటి యుద్ధ ఓడలు, కట్టడం మొదలుపెట్టింది. జాగ్వార్ తరగతి అంటారు. ఒక్కొక్కటి సుమారు 2,100 టన్నులు, ఐదేసి 130 మిల్లీమీటర్ల గన్లు, 35 నాట్ల పైచిలుకు వేగం (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). వాటి వెనకే 138 మిల్లీమీటర్ల గన్లతో ఇంకా బరువైన గెపార్ తరగతి వచ్చింది. వీటిని వెంటాడి పట్టుకోగల ఓడ కావాలని రోమ్‌లో నిర్ణయించారు. అందుకు పుట్టినవే నావిగాటోరి, అంటే నావికులు. పన్నెండు ఓడలకూ పాత ఇటలీ నావికుల పేర్లు పెట్టారు. మజెల్లాన్ యాత్రను రాసిపెట్టిన పిగాఫెట్టా, అదే యాత్రలో పైలట్‌గా వెళ్ళిన పాంకాల్డో, ఉత్తర అమెరికా తీరం చూసివచ్చిన వెరజానో వీరిలో ఉన్నారు. మాలొచెల్లో అనే ఆయన మొదటి పేరు లాంజెరొట్టో. కానరీ దీవుల్లోని లాంజరోటే ఆయన పేరు మీదిదే.

మొదట వీటిని డెస్ట్రాయర్లు అనలేదు. ‘ఎస్ప్లొరాటోరి’ అన్నారు, అంటే ముందు వెళ్ళి శత్రువు జాడ తీసే ఓడలు. 1938లో గానీ డెస్ట్రాయర్ల జాబితాలోకి మార్చలేదు. పేరుదేముంది అనుకోకూడదు. జాడ తీసే ఓడకు ఎత్తైన బ్రిడ్జి, అంటే ఓడను నడిపే గది, కావాలి, దూరం కొలిచే పరికరాలు పైన ఉండాలి, బలమైన మాస్ట్ స్తంభం కావాలి, దళాధిపతి కూర్చోవడానికి చోటు కావాలి. ఇవన్నీ డెక్‌కు పైన పెరిగే బరువులు.

కాగితం మీద ఓడ ఇలా ఉంది. పొడవు 107 మీటర్ల పైచిలుకు, వెడల్పు 10.2 మీటర్లు, స్టాండర్డ్ బరువు, అంటే ఇంధనం నూనె కలపని బరువు, సుమారు 1,900 టన్నులు. 120 మిల్లీమీటర్ల గన్లు ఆరు, జంటలుగా మూడు చోట్ల: ముందొకటి, రెండు పొగగొట్టాల మధ్య ఒకటి, వెనక ఒకటి. టార్పెడో గొట్టాలు మూడేసి చొప్పున రెండు వరసలు. మొదట్లో ప్రతి వరసలోనూ 533 మిల్లీమీటర్లవి రెండు, నడిమిది 450ది. ఇదొక వింత ఏర్పాటు, తర్వాత మార్చారు. నాలుగు బాయిలర్లు, రెండు ప్రొపెల్లర్లు, 50,000 హార్స్‌పవర్, 38 నాట్ల వేగం. ఫ్రాన్సు 2,100 టన్నుల్లో చేసినదాన్ని ఇటలీ 1,900 టన్నుల్లో చేసి, దానికంటే వేగంగా పరుగెత్తించాలనుకుంది. కేసు మూలం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి. యంత్రాల అమరిక బాగుంది. బాయిలర్ గది, దాని వెనక టర్బైన్ గది, మళ్ళీ బాయిలర్ గది, మళ్ళీ టర్బైన్ గది. ఒక గుండు ఒక జతను చంపినా రెండో జత ఓడను నడిపిస్తుంది. పొగగొట్టాలు అంత ఎడంగా ఉండడానికి కారణం ఇదే. వీటి తర్వాత వచ్చిన డార్డో తరగతిలో ఇటలీ వాళ్ళు ఈ పద్ధతి వదిలేసి, బాయిలర్లన్నిటినీ దగ్గరకు చేర్చి ఒకే పొగగొట్టం పెట్టారు. డెక్ మీద చోటు కలిసొచ్చింది. దెబ్బ తట్టుకునే గుణం తగ్గింది. చేతిలో ఉన్న మంచిని వదులుకోవడానికి డిజైన్ కార్యాలయాల్లో ఎప్పుడూ ఒక కారణం దొరుకుతుంది.

ట్రయల్ రోజు

ట్రయల్‌కు, అంటే నౌకాదళానికి అప్పగించే ముందు చేసే వేగ పరీక్షకు, బయల్దేరే ఓడ వేరు, యుద్ధానికి బయల్దేరే ఓడ వేరు. ఆ కాలంలో ఇటలీలో కాంట్రాక్టు వేగం కంటే ఎక్కువ సాధించిన యార్డుకు అదనంగా డబ్బు ముట్టేది. యార్డు వాళ్ళు ఏం చేస్తారు? ఓడను వీలైనంత తేలిగ్గా ఉంచుతారు. ఆయుధాలు చాలావరకు ఎక్కించరు. నూనె పరుగుకు సరిపోయినంతే పోస్తారు. యంత్రాలను వాటి హద్దు దాటించి తోలుతారు. నావిగాటోరి ఓడలు ఆ రోజున 40 నాట్లు దాటాయి, కొన్ని ఇంకా పైకి వెళ్ళాయి. పత్రికల్లో ఆ అంకెలే వచ్చాయి.

ఈ అంకె ఎంత ఖరీదైనదో చిన్న లెక్క చూపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనం చొప్పున పెరుగుతుంది. 38 నుంచి 41 నాట్లకు వెళ్ళడమంటే వేగంలో ఎనిమిది శాతం, శక్తిలో ఇరవై ఐదు శాతం. అదంతా యంత్రాల నుంచే రాబట్టడం కష్టం. కాబట్టి కొంత యంత్రాలను హింసించి, మిగతాది బరువు తగ్గించి రాబట్టాలి. ఆ తగ్గించిన బరువు ఓడ నౌకాదళంలో చేరిన రోజున తిరిగి ఎక్కుతుంది. గన్లు, వాటి గుండ్లు, టార్పెడోలు, రెండొందల పైచిలుకు మనుషులు, వాళ్ళ సామాను వస్తాయి. గుండ్లు తప్ప తక్కినవన్నీ దాదాపు డెక్ మీదో, దానికి పైనో.

సముద్రం మీదికి వెళ్ళాక తేలింది ఓడ నిలకడ లేనిదని. బ్రిడ్జి కట్టడాన్ని తగ్గించారు, పైబరువులు తీసేశారు. అయినా చాలలేదు. 1930 చివర, 1931 మొదట్లో ఇటలీ విమానదళ మంత్రి ఇతాలో బాల్బో విమానాల దండుతో అట్లాంటిక్ దాటి బ్రెజిల్ వెళ్ళినప్పుడు దారి పొడవునా కాపు కాయడానికి పంపింది ఈ ఓడలనే. మధ్యధరా కురచ అలలకు గీసిన ఓడను మహాసముద్రపు పొడుగు అలల మీదికి పంపడం బొమ్మ గీసినవారి తలపులో ఉండి ఉండదు.

పది పాయింట్ రెండు

ఓడ ఒరిగినప్పుడు దాన్ని తిరిగి లేపేది ఏమిటి? నీటిలో మునిగిన భాగం ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గుతుంది. నీరు పైకి నెట్టే బలం ఒరిగిన పక్కకు జరుగుతుంది. ఆ బలం గీత ఓడ నడిమి గీతను కలిసే చోటును మెటాసెంటర్ అంటాం. ఓడ గురుత్వ కేంద్రం దానికి కింద ఉన్నంతకాలం ఓడ లేస్తుంది. ఆ రెండింటి మధ్య దూరమే మా వృత్తికి అన్నం పెట్టే అంకె. ఆ దూరం తగ్గితే ఓడ నెమ్మదిగా ఊగుతుంది. ప్రయాణికుడికి అది హాయిగానే ఉంటుంది. తెలిసినవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. 10.2 మీటర్ల వెడల్పున్న ఓడకు ఆ దూరం అర మీటరు ఉంటే ఒక ఊగు పూర్తికావడానికి సుమారు పదకొండున్నర సెకన్లు పడుతుంది. 90 సెంటీమీటర్లుంటే ఎనిమిదిన్నర. ఆ మూడు సెకన్ల తేడానే నావికులు, ఒరిగాక ఆలోచించుకుని లేచే ఓడ అంటారు.

గురుత్వ కేంద్రం ఎంత ఎత్తున ఉందో తేల్చడానికి ఇన్‌క్లైనింగ్ పరీక్ష చేస్తాం. గాలి లేని ఉదయం, కదలని నీటిలో ఓడను తాళ్ళు వదులుచేసి నిలుపుతాం. డెక్ మీది ఇనుప దిమ్మలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుస్తాం. లోపల పొడవైన దారానికి తూకపు గుండు వేలాడుతూ ఉంటుంది. అది ఊగిపోకుండా కింద నూనె తొట్టిలో మునిగి ఉంటుంది. దారం స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో రాసుకుంటాం. ఆ సమయంలో ఎవరూ కదలకూడదు. ఒకసారి వంటవాడు మా మీద దయతో టీ ఫ్లాస్కు పట్టుకుని డెక్‌కు అడ్డంగా వచ్చాడు. ఆ రీడింగు కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేశాం. వందల టన్నుల చిన్న ఓడ ఒక మనిషి నడకను దాచలేదు.

వెడల్పు సంగతి. మెటాసెంటర్ ఎత్తును నిర్ణయించేవాటిలో వెడల్పుది పెద్దపీట, ఎందుకంటే అది ఘనం చొప్పున లెక్కలోకి వస్తుంది. 10.2ను 11.2 చేస్తే వెడల్పు పెరిగింది పది శాతం లోపే. నీటిమట్టం దగ్గరి జడత్వ భ్రామకం, అంటే ఆ వెడల్పు ఓడను ఎంతగా నిలబెడుతుందో చెప్పే లెక్క, మాత్రం 32 శాతం పెరుగుతుంది. అదే సమయంలో ఓడ బరువూ కొంత పెరుగుతుంది కాబట్టి దాన్ని భాగించాలి. బరువు ఎనిమిది శాతం పెరిగిందనుకుంటే నికరంగా మిగిలేది 22 శాతం దాకా. ఇలాంటి సన్నని ఓడకు మెటాసెంటర్ ఎత్తులో ఈ భాగింపు నుంచి వచ్చే వాటా మొదట రెండు మీటర్లు ఉందని తీసుకుంటే 45 సెంటీమీటర్లు కలిసొచ్చినట్టు. ఇది కాగితం అంచున పెన్సిలుతో వేసిన లెక్క, యార్డు పత్రం కాదు. అయినా అర మీటరు దగ్గర తడబడుతున్న ఓడకు ఇంకో 45 సెంటీమీటర్లంటే అది వేరే ఓడే.

మరి మొదటే 11.2 ఎందుకు పెట్టలేదు? పొడవును వెడల్పుతో భాగిస్తే మొదట 10.5 వస్తుంది. తర్వాత 9.6. సన్నని ఓడ నీటిని తక్కువ నెడుతుంది, ఎక్కువ పరుగెత్తుతుంది. యార్డుకు బహుమతి ఇచ్చేది పరుగు మీద. నిలకడ మీద ఎవరూ బహుమతి పెట్టలేదు.

ఒక మీటరు

1938 నుంచి 1940 వరకు ఓడలను వరసగా డాక్‌లోకి తీసుకుని ఒక్కో పక్క అర మీటరు చొప్పున వెడల్పు పెంచారు. నిట్టనిలువుగా ఉన్న పాత అణియం తీసేసి, ముందుకు వాలిన కొత్తది పెట్టారు. అణియమంటే ఓడ ముందు కొస. మన తీరంలో పడవవారి మాట, నాకు ‘బౌ’ కంటే అదే నచ్చుతుంది. పాత అణియం అలను కోసి తలకెత్తుకునేది. ముందు గన్ల దగ్గర నిలబడినవాళ్ళు తడిసి ముద్దయ్యేవారు. కొత్తది అలను పక్కకు తోస్తుంది. డా రెక్కో, ఉసోదిమారే అనే రెండు ఓడలకు మాత్రం ఈ మార్పు జరగలేదు.

ధర వేగంలో చెల్లించారు. యుద్ధం నాటికి, పాతబడిన యంత్రాలతో, ముప్పై నాట్లు నిలబెట్టుకోవడమే గొప్ప. పైగా ఆ మీటరుతో వచ్చిన మిగులు మిగులుగా ఉండలేదు. విమానాల బెడద చూసి 20 మిల్లీమీటర్ల గన్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించారు, అన్నీ ఎత్తున. 120 మిల్లీమీటర్ల గన్లు 45 డిగ్రీలకు మించి పైకి లేవవు కాబట్టి తలమీది విమానాన్ని అవి ఏమీ చేయలేవు. ఒక చేపల బోటు యజమాని నాతో అన్న మాట గుర్తొస్తుంది: “చిన్న నీళ్ళ ట్యాంకే కదండీ, క్యాబిన్ మీద పెట్టుకుంటే ఏమవుతుంది?” అప్పటికే ఆ క్యాబిన్ మీద రెండు చిన్నవి ఉన్నాయి.

యుద్ధం అడిగింది వేరు

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఫ్రెంచి డెస్ట్రాయర్లను వెంటాడడానికి పుట్టిన ఓడలకు ఆ పని రెండు వారాలు కూడా మిగల్లేదు, ఫ్రాన్సు లొంగిపోయింది. వాటికి దొరికిన పని ఆఫ్రికా వెళ్ళే సరుకు ఓడలకు కాపలా. ఎనిమిది, పది నాట్లు నడిచే ఓడల పక్కన, రాత్రిపూట, జలాంతర్గాముల మధ్య. పాంకాల్డో అయితే జూలై 10నే సిసిలీలోని అగస్టా రేవులో, బ్రిటిష్ విమానవాహక నౌక ‘ఈగిల్’ నుంచి వచ్చిన టార్పెడో విమానాల దెబ్బకు మునిగింది. దాన్ని పైకి తీసి, బాగుచేసి, 1942 డిసెంబరులో మళ్ళీ సముద్రం మీదికి పంపారు. 1940 ఆగస్టు 1న వివాల్డి బ్రిటిష్ జలాంతర్గామి ‘ఆస్వాల్డ్’ను ఢీకొట్టి ముంచింది. అణియానికి అంతకంటే సూటి ఉపయోగం ఉండదు.

1941 ఏప్రిల్ 16 వేకువకు ముందు, ట్యునీసియా తీరాన కెర్కెనా దీవుల దగ్గర జరిగిన పోరు దగ్గరగా చూడదగ్గది. నేపుల్స్ నుంచి ట్రిపోలీ వెళ్తున్న ఐదు సరుకు ఓడలు. కాపలాగా మన పన్నెండింటిలో ఒకటైన తారిగో, దానితోపాటు వేరే తరగతి డెస్ట్రాయర్లు బలేనో, లాంపో. కెప్టెన్ ఫిలిప్ మాక్ కింద నాలుగు బ్రిటిష్ డెస్ట్రాయర్లు, జెర్విస్, నూబియన్, మొహాక్, జేనస్, చంద్రుడు కాన్వాయ్‌కి అవతలి పక్క ఉండేలా చుట్టి వచ్చి, రెండు కిలోమీటర్ల దూరానికి చేరి కాల్చాయి. తారిగో బ్రిడ్జి మొదటి నిమిషాల్లోనే ముక్కలైంది. కమాండర్ పియెత్రో దె క్రిస్తొఫారోకు కాలు తెగింది. కట్టు కట్టించుకుని అక్కడే ఉండి ఆజ్ఞలు ఇచ్చాడు, అక్కడే పోయాడు. చుక్కాని పని చేయడం లేదు. బ్రిడ్జి నుంచి ఆజ్ఞలు రావడం లేదు. టార్పెడో గొట్టాల దగ్గర మిగిలినవాళ్ళు తమ చేతులతో గురిపెట్టి వదిలారు. రెండు మొహాక్‌కు తగిలాయి. అది మునిగింది. కాసేపటికి తారిగో కూడా. ఐదు సరుకు ఓడలూ పోయాయి. వేల మందిలో సగానికి పైగా తిరిగి రాలేదు.

ఆ రాత్రి తారిగోకు 40 నాట్లు ఉండి ఉంటే? ఎటు పరుగెత్తాలి? కాపలా ఓడ తను కాసేవాటిని వదిలి పోలేదు. కాన్వాయ్ ఎంత వేగమో కాపలా ఓడా అంతే వేగం. ఆ రాత్రికి కావలసింది శత్రువును ముందే చూడగల కన్ను, చీకటి పోరుకు తయారైన గన్లు. ఆ రెండూ 1926లో ఎవరూ అడగలేదు.

వేగం నిజంగా అవసరమైన రోజు ఒకటి వచ్చింది. 1942 జూన్ 15న, సిసిలీకీ ట్యునీసియాకూ మధ్యనున్న పాంటెల్లేరియా దీవికి దక్షిణాన, మాల్టా వెళ్తున్న బ్రిటిష్ కాన్వాయ్ మీదికి అడ్మిరల్ అల్బెర్టో డా జారా రెండు క్రూయిజర్లతో దూసుకెళ్ళాడు. వెంట వివాల్డి, మాలొచెల్లో ఉన్నాయి. ఈ రెండూ క్రూయిజర్ల పరుగును అందుకోలేకపోయాయి. అందుకే ఆయన వాటిని విడగొట్టి, నేరుగా సరుకు ఓడల మీదికి పొమ్మన్నాడు. పదిహేనేళ్ళ కిందట క్రూయిజర్ల ముందు పరుగెత్తడానికి గీసిన బొమ్మ అది. వివాల్డికి బాయిలర్ల దగ్గర గుండు తగిలి మంటలు లేచాయి, ఓడ ఆగింది. మాలొచెల్లో దాని చుట్టూ తిరుగుతూ పొగ కప్పి కాపాడింది. చివరికి వివాల్డి పాంటెల్లేరియా చేరింది.

అదే ఏడాది డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక స్కెర్కి గట్టు దగ్గర మరో కాన్వాయ్ బ్రిటిష్ క్రూయిజర్లకు దొరికింది. అన్ని సరుకు ఓడలూ పోయాయి. కాపలా నాయకుడు అల్దో కొక్కియా తన ఓడ డా రెక్కోను టార్పెడో దూరానికి నడిపించే లోపే ముందు భాగంలో గుండు పడి, మందుగుండు అంటుకుని మంట ఎగసింది. 118 మంది పోయారు. ఒళ్ళు కాలిన కొక్కియా బతికాడు. ఓడను లాక్కుని ట్రపాని చేర్చారు.

పదకొండు

కేసు ముగించే ముందు ప్రతి నష్టానికీ కారణం పక్కన రాయడం మా పద్ధతి. ఎదురుగా గన్ల పోరులో పోయినవి రెండే: తారిగో, 1941 డిసెంబరు 1న దెబ్బతిన్న ట్యాంకరును వదలకుండా నిలబడిన డా మోస్తో. జలాంతర్గాములకు మూడు. పెస్సాగ్నోను 1942 మేలో ‘టర్బులెంట్’, వెరజానోను అక్టోబరులో ‘అన్‌బెండింగ్’ ముంచాయి. ఉసోదిమారేను జూన్ 8న ముంచింది ఇటలీ సొంత జలాంతర్గామి ‘అలాజి’, శత్రువనుకుని. సముద్రపు మైన్లకు రెండు: 1943 మార్చి 24న బోన్ అగ్రం దగ్గర మాలొచెల్లో, ఇటలీ చేతులెత్తేసిన మర్నాడు బోనిఫాసియో జలసంధిలో డా నోలి. పాంకాల్డో 1943 ఏప్రిల్ 30న రెండోసారి, ఈసారి శాశ్వతంగా, విమానాలకు. వివాల్డి సెప్టెంబరులో తీరపు ఫిరంగులు, విమానాల దెబ్బల తర్వాత. జేనోను లా స్పెజియాలో సొంతవాళ్ళే ముంచేశారు. పిగాఫెట్టా ఫ్యూమేలో జర్మన్ల చేతికి చిక్కి, పేరు పోయి టీఏ44 అనే అంకె మిగిలి, 1945 ఫిబ్రవరిలో ట్రియెస్టెలో బాంబులకు పోయింది.

ఈ పట్టికలో తుపానుకు తలకిందులైన ఓడ ఒక్కటీ లేదు. 1942 మార్చి 23 తుపానులో ఇటలీ పోగొట్టుకున్న రెండు డెస్ట్రాయర్లు, షిరోక్కో, లాంచెరే, వీటికంటే కొత్త తరగతులవి. కాబట్టి ఆ ఒక్క మీటరు తన పని చేసిందనే నేను రాసుకుంటాను. ఇంకో పదకొండు నాట్లు ఉంటే బతికి ఉండేదని చెప్పగల ఓడ కూడా ఈ పట్టికలో నాకు కనిపించదు.

మిగిలింది డా రెక్కో. ముక్కు మార్చని రెండింటిలో ఒకటి. దీన్ని చూపించి ఒక కుర్రవాడు, మార్పు చేయకపోతేనే మేలన్నమాట అన్నాడు. రెండో ఓడ ఉసోదిమారే అని గుర్తుచేశాను. డా రెక్కోను 1954లో తుక్కుకు విరగ్గొట్టారు.